తన తప్పులు రాతిమీద చెక్కించిన రాజు



అట్లాసు తెరిచి విజయవాడ మీద వేలు పెట్టండి. వేలు పైకీ కిందికీ పోనివ్వకుండా నేరుగా తూర్పుకు జరపండి. బంగాళాఖాతం దాటగానే బర్మా తగులుతుంది. ఇప్పుడు దాన్ని మయన్మార్ అంటున్నారు. తరువాత థాయిలాండ్, ఆ తరువాత లావోస్. అది కూడా దాటి, మళ్ళీ సముద్రం రాబోయే ముందు ఒక సన్నని దేశం మీదికి వస్తారు. అదే వియత్నాం. అక్కడ మీ వేలి కింద ఉన్న ఊరు హ్యూ. ఆ ఊరివాళ్ళు దాన్ని "హ్వే" అని పలుకుతారు. విజయవాడా, హ్యూ ఇంచుమించు ఒకే అక్షాంశం మీద ఉన్నాయి.

వియత్నాం వాళ్ళు తమ దేశాన్ని కావడితో పోలుస్తారు. ఉత్తరాన ఎర్రనది డెల్టా ఒక ధాన్యపు బుట్ట. దక్షిణాన మేకాంగ్ నది డెల్టా రెండో బుట్ట. నడుమనున్న సన్నని నేల కావడిబద్ద. బద్ద మధ్యలో, భుజం ఆనేచోట హ్యూ ఉన్నది. అందుకేనేమో 1802లో జియా లాంగ్ అనే రాజు దేశమంతటినీ ఒక్క ఏలుబడి కిందికి తెచ్చి, ఆ ఊరినే రాజధాని చేసుకున్నాడు. అతని వంశంవారు 13 మంది, 1945 దాకా చక్రవర్తులన్న పేరుతో ఉన్నారు. ఆ వంశం పేరు ఙుయెన్. "మాస్టారూ, ఙ ఎక్కడా రాదు గదా, ఎందుకు నేర్చుకోవాలి?" అని ప్రతి తరగతిలోనూ ఎవడో ఒకడు అడుగుతాడు. ఇదిగో, ఇక్కడ పనికివచ్చింది!

హ్యూ పక్కనుంచి ఒక నది నిదానంగా పారుతుంది. దాని పేరుకు అర్థం పరిమళాల నది. ఆ నదికి ఎగువన, గుట్టల నడుమ, పైన్ చెట్ల నీడన ఈ చక్రవర్తుల సమాధులున్నాయి. సమాధి అనగానే మీకు నాలుగు రాళ్ళూ, మీద ఒక గోరీ తోచవచ్చు. ఇవి అలాంటివి కావు. ఒక్కొక్కటీ ఒక తోట. అందులో తామరకొలనూ, వంతెనా, గుడీ, మండపాలూ అన్నీ ఉంటాయి. రాజు బతికి ఉండగానే తన సమాధికి స్థలం వెతికించేవాడు. పని మొదలుపెట్టించి, అక్కడికి షికారు పోయి, కొలనులో పడవమీద తిరిగిన రాజు కూడా ఉన్నాడు.

స్థలం వెతకడానికి పెద్ద శాస్త్రమే ఉన్నది. మనవాళ్ళు ఇల్లు కట్టేముందు వాస్తు చూసినట్టే వాళ్ళూ చూస్తారు. దాని పేరుకు అర్థం "గాలి, నీరు". ఎదురుగా తెరలాగా ఒక గుట్ట ఉండాలి, ముందు నీరుండాలి, వెనక ఆనుకోవడానికి కొండ ఉండాలి. జియా లాంగ్ తరువాత వచ్చిన మిన్ మాంగ్ చక్రవర్తికి నచ్చిన చోటు దొరకడానికి 14 ఏళ్ళు పట్టింది! ఆ చోటును చూపిన అధికారికి పదవి పెరిగింది. తీరా 1840లో పని మొదలుపెడితే, కొద్ది నెలలకే, 1841 జనవరిలో చక్రవర్తి చనిపోయాడు. మిగిలిన పని అతని కొడుకు థియూ ట్రీ 1843 నాటికి పూర్తిచేయించాడు. దాని పెద్దద్వారాన్ని ఒక్కసారే తెరిచారు, చక్రవర్తి శవపేటికను లోపలికి తీసుకుపోవడానికి. తరువాత మూసివేశారు. ఈనాడు చూడబోయేవాళ్ళు పక్కద్వారాల గుండానే పోవాలి.

ఆ థియూ ట్రీ మాత్రం తన సమాధికి ఎక్కువ ఖర్చుపెట్టవద్దని చెప్పి పోయాడట. అది 1848లో ఒక్క ఏడాది లోపలే పూర్తయింది. నాకు అతనిమీద కొంచెం గౌరవం ఎక్కువే.

ఈ సమాధుల్లో ఒక వరుస ఉంటుంది. మొదట రాళ్ళు పరిచిన ముంగిలి. దానికి రెండువైపులా రాతి ఏనుగులు, రాతి గుర్రాలు, రాతి మంత్రులు, రాతి సేనానులు కొలువుతీరి నిలబడతారు. వాటిని దాటితే ఒక మండపం. అందులో నిలువెత్తు శాసనం రాయి ఉంటుంది. చనిపోయిన తండ్రి ఎంత గొప్పవాడో, ఏమేమి మంచిపనులు చేశాడో కొడుకు రాసి ఆ రాతిమీద చెక్కిస్తాడు. అది ఆ వంశపు ఆచారం. కొడుకు తండ్రిని గురించి రాసేటప్పుడు ఏం రాస్తాడో మీకు తెలిసిందే గదా! అన్నీ పొగడ్తలే.

మరి, కొడుకే లేని రాజు చనిపోతే ఎవరు రాస్తారు?

తు దుక్ అనే రాజుకు ఈ చిక్కు వచ్చింది. అతను నాలుగో చక్రవర్తి, థియూ ట్రీ కొడుకు. 1829లో పుట్టి, 18 ఏళ్ళకే 1847లో సింహాసనమెక్కాడు. అంతఃపురంలో నూరుమందికి పైగా భార్యలున్నారని చెబుతారు. కాని ఒక్క బిడ్డ కూడా కలగలేదు. చిన్నతనంలో మశూచి సోకడమే కారణమంటారు. పొట్టివాడు, బలహీనుడు. అతని సమాధి ముంగిట నిలబడ్డ రాతి మంత్రులు చాలా పొట్టిగా ఉంటారు. చక్రవర్తికన్న ఎత్తుగా ఎవరూ ఉండగూడదని అలా చేశారని అక్కడ చూపించేవాళ్ళు నవ్వుతూ చెబుతారు.

కాని చదువులో గట్టివాడు. వేలకొద్దీ పద్యాలు రాశాడు. తల్లి తు జు అంటే అతనికి ప్రాణం. ఆమె చెప్పిన బుద్ధులన్నీ ఒక పుస్తకంలో రాసిపెట్టుకున్నాడు. ఆ దేశపు పిల్లలందరికీ తెలిసిన కథ ఒకటి ఉన్నది. ఒకసారి తు దుక్ వేటకు పోయాడు. వాన కురిసి నదికి వరద వచ్చింది. రెండు రోజుల్లో తండ్రి తద్దినం, రాజు ఇంకా ఇల్లు చేరలేదు. తల్లి మనిషిని పంపింది. రాజు వానలో తడుస్తూ వచ్చి, నేరుగా తల్లి గదికి పోయి, బెత్తం తెచ్చి ఆమె ముందున్న బల్లమీద పెట్టి, కొట్టమని బోర్లా పడుకున్నాడు. దేశానికంతకూ చక్రవర్తి! తల్లి చాలాసేపు మాట్లాడకుండా కూర్చుని, చివరకు చేత్తో బెత్తాన్ని పక్కకు నెట్టింది. క్షమించిందన్నమాట.

ఇంత మంచి కొడుకు మంచి రాజు కూడా అయివుండాలి గదా అని మీరనుకుంటారు. రాజ్యం నడపడం వేరే పని, పిల్లలూ.

అతని కాలంలోనే ఫ్రెంచివాళ్ళు యుద్ధనౌకలతో వచ్చిపడ్డారు. 1862లో ఓడిపోయి, దక్షిణాన మూడు రాష్ట్రాలు వాళ్ళకు వదులుకోవలసివచ్చింది. పైగా పెద్దమొత్తం పరిహారం కట్టడానికి ఒప్పుకోవలసివచ్చింది. కావడిలో ఒక బుట్ట సగం పోయినట్టే. బొక్కసం ఖాళీ. సరిగ్గా అటువంటప్పుడు, 1864లో, తు దుక్ తన సమాధితోటకు పని మొదలుపెట్టించాడు. సుమారు 12 హెక్టార్ల నేల. చుట్టూ గోడ, లోపల దాదాపు 50 కట్టడాలు. దానికి "పదివేల ఏళ్ళు" అని అర్థం వచ్చే పేరు పెట్టించాడు.

పనిలో సిపాయిలూ కూలీలూ కలిసి 3,000 మంది. ఆరేళ్ళ పని అని మొదట లెక్కవేశారు. కాని రాజు మెప్పు పొందాలని అధికారులు మూడేళ్ళలోనే ముగిస్తామని మాట ఇచ్చారు. మాట ఇచ్చింది అధికారులు, వీపులు వంచవలసింది కూలీలు.

ఇక్కడ సున్నం సంగతి కొంచెం చెప్పాలి. ఆ రోజుల్లో అక్కడ సిమెంటు వాడేవారు కాదు. సున్నపురాళ్ళను బట్టీలో కాలిస్తే వాటిలోని బొగ్గుపులుసు వాయువు వెళ్ళిపోతుంది. మిగిలిన రాతిసున్నం మీద నీళ్ళు పోస్తే బుసబుస పొంగి, కుతకుత ఉడికి, మెత్తని సున్నమవుతుంది. దాన్ని గోడకు వాడితే, అది గాలిలోని బొగ్గుపులుసు వాయువును మెల్లగా పీల్చుకుని తిరిగి రాయిగా మారుతుంది. రాయిని పిండి చేసి, మళ్ళీ రాయి చేయడమన్నమాట. కాని సున్నం ఎంత మెత్తగా నలిగితే గోడ అంత గట్టిగా ఉంటుంది. మన పాత మేడలకు ఎద్దులను కట్టి గానుగలో సున్నం తిప్పేవారు. బెల్లపునీళ్ళూ, కరక్కాయ నీళ్ళూ కలిపేవారు. మీ ఊళ్ళో పాత గానుగరాయి ఎక్కడైనా పడి ఉండవచ్చు, తాతయ్యను అడిగి చూడండి. వియత్నాంలో కూడా సున్నంలో చెరుకుపాకం కలిపేవారు. అక్కడ కూలీలు దాన్ని రోకళ్ళతో దంచేవారు.

పన్నెండు హెక్టార్ల తోటకు ఎంత సున్నం కావాలో ఊహించుకోండి. పొద్దస్తమానం రోకటిపోటే. ఆలస్యమైతే కొరడా దెబ్బలు. "పదివేల ఏళ్ళు" అన్న పేరును వెక్కిరిస్తూ జనం పాట కట్టుకుని పాడుకున్నారు.

1866 సెప్టెంబరులో ఒక రాత్రి ఆ కూలీలు తిరగబడ్డారు. వాళ్ళ దగ్గర కత్తులెక్కడివి? చేతిలో ఉన్నవి సున్నపు రోకళ్ళు. వాటినే భుజాన వేసుకుని హ్యూ కోటమీదికి నడిచారు. చరిత్రలో ఆ తిరుగుబాటు పేరే "సున్నపు రోకళ్ళు". దానికి నాయకుడు దోవాన్ ట్రుంగ్ అనే యువకుడు. అతను పామరుడు కాడు, కవి. రాజుగారి పినతండ్రికి అల్లుడు కూడా. తు దుక్‌ను దించి, అతని అన్న కొడుకును గద్దె ఎక్కించాలని వాళ్ళ ఆలోచన. నిజానికి సింహాసనం మొదట ఆ అన్నకే రావలసింది. తండ్రి అతన్ని కాదని చిన్నవాడికి ఇచ్చాడు. అన్న కుట్రపన్ని, పట్టుబడి, 1854లో చెరసాలలోనే చనిపోయాడు.

రోకళ్ళవాళ్ళు రాజభవనంలోకి చొరబడ్డారు. కాని నిలవలేకపోయారు. దోవాన్ ట్రుంగ్ పట్టుబడ్డాడు, మరణశిక్ష పడింది. అన్న కొడుకును కూడా బతకనివ్వలేదు.

తరువాత తు దుక్ ఒక పని చేశాడు. "పదివేల ఏళ్ళు" అనే పేరు తీసివేసి, ఆ చోటుకు "ఖియెమ్" అని పేరు పెట్టాడు. ఆ మాటకు అణకువ, వినయం అని అర్థం. ఒక్క తోటకే కాదు. కొలనుకు, మండపానికి, గుడికి, ఆఖరుకు నాటకశాలకు కూడా పేరులో ఖియెమ్ చేర్చాడు. ఏ ద్వారం చూసినా వినయమే! యాభై కట్టడాలు కట్టించుకుని వినయమని పేరు పెట్టుకుంటే సరిపోయిందా అని మీలో చురుకైనవాళ్ళు అడుగుతారు. అడగవలసిన మాటే. అయితే ఆ పేరు పెట్టింది ఎవరని కూడా అడగాలి. చేయి రాజుది. పెట్టించినవి రోకళ్ళు.

1867లో తోట పూర్తయింది. ఆ ఏడే ఫ్రెంచివాళ్ళు దక్షిణాన మిగిలిన మూడు రాష్ట్రాలు కూడా తీసేసుకున్నారు. బుట్ట మొత్తం పోయింది.

ఆ తరువాత 16 ఏళ్ళు తు దుక్ తరచు ఈ తోటలోనే గడిపాడు. కొలను ఒడ్డు మండపంలో కూర్చుని పద్యాలు రాశాడు. తల్లికోసం కూడా ఇక్కడ చోటుంది. అతను మొదట నివసించిన భవనాన్నే తరువాత ఆమె పూజామందిరం చేశారు. ఇక శాసనం రాయి సంగతి. తన గురించి రాయడానికి కొడుకు లేడు. కాబట్టి తానే రాసుకున్నాడు. చీనా లిపిలో దాదాపు 5,000 అక్షరాలు. ఆ లిపిలో ఒక్కొక్క అక్షరం ఒక్కొక్క మాట అని గుర్తుంచుకోండి. ఆ రాయి బరువు సుమారు 20 టన్నులు. ఉత్తరాన దాదాపు 500 కిలోమీటర్ల దూరంలో ఉన్న థాన్ హువా నుంచి తెప్పించారు. రావడానికి నాలుగేళ్ళు పట్టిందంటారు. వియత్నాంలో ఇంత పెద్ద శాసనం రాయి కొట్టించుకున్న రాజు లేడు.

అందులో ఏమున్నది? తన జబ్బులూ, తన బలహీనతా, సంతానం లేని దుఃఖమూ ఉన్నాయి. మనుషులను గుర్తించడంలో తాను పొరబడ్డానని ఉన్నది. తాతలు సంపాదించిన నేల తన చేతిలో పోయిందని, ఆ నేరం తనదేనని ఉన్నది. కొడుకులు చెక్కించిన పొగడ్తల రాళ్ళ నడుమ ఈ ఒక్క రాయి ఇలా నిలబడి ఉన్నది.

దీన్ని చూసి తు దుక్‌ను మెచ్చుకోవాలా? నేను ఎన్నోసార్లు ఆలోచించాను. తప్పు ఒప్పుకున్న రాయిని కూడా కూలీలే మోయవలసివచ్చింది. పోయిన రాష్ట్రాలు రాతమూలాన తిరిగి రాలేదు. అయినా ఆ మాటలు రాయమని అతన్ని నిర్బంధించినవాళ్ళు లేరు. పొగుడుకోదలచుకుంటే ఆపేవాళ్ళూ లేరు. నా మట్టుకు నేను సగం మార్కులు వేస్తాను. మీరు ఎన్ని వేస్తారో ఇంట్లో అమ్మతో, నాన్నతో మాట్లాడి చూడండి.

1883 జూలైలో తు దుక్ చనిపోయాడు. అతని శవం ఈ తోటలో లేదనీ, ఎక్కడో రహస్యంగా పూడ్చి, పూడ్చిన 200 మందిని చంపేశారనీ ఒక కథ ప్రచారంలో ఉన్నది. దానికి రుజువు చూపినవాళ్ళు లేరు. అటువంటి కథలు పెద్ద రాజుల సమాధులన్నిటి చుట్టూ పుట్టలుగా పెరుగుతూనే ఉంటాయి.

కాని రుజువున్న కథ ఒకటి ఉన్నది. తు దుక్ పెంచుకున్న అన్నదమ్ముల పిల్లల్లో పెద్దవాడు దుక్ దుక్. రాజ్యం అతనికే ఇస్తూ తు దుక్ వీలునామా రాశాడు. తన తప్పులు దాచుకోని ఆ మనిషి వారసుడి తప్పులు కూడా దాచలేదు. ఇతని చూపు మంచిది కాదు, నడతా మంచిది కాదు అని అందులో రాసిపెట్టాడు! నిండు కొలువులో వీలునామా చదివేటప్పుడు దుక్ దుక్ ఆ వాక్యాలను వదిలిపెట్టించాడు. మంత్రులు దాన్నే నేరంగా పట్టుకుని మూడు రోజులకే అతన్ని గద్దె దింపి ఖైదు చేశారు. తిండి పెట్టకుండా చంపారు. ఆ నెలల్లోనే, 1883 ఆగస్టులో ఫ్రెంచి నౌకలు హ్యూ దగ్గరి రేవుకోటమీద గుళ్ళు కురిపించాయి. ఆ నాటినుంచి చక్రవర్తులు పేరుకు మాత్రమే చక్రవర్తులు.

పేరుకు మాత్రమే రాజైనవాడి సమాధి ఎలా ఉంటుందో చూడాలంటే ఖాయ్ దిన్ సమాధికి పోవాలి. 1920 నుంచి 1931 దాకా 11 ఏళ్ళు కట్టారు. చక్రవర్తి 1925లోనే పోయాడు. ఇక్కడ సున్నమూ లేదు, రోకళ్ళూ లేవు. ఫ్రాన్సునుంచి ఇనుమూ సిమెంటూ తెచ్చారు. చీనా, జపానుల నుంచి పింగాణీ తెచ్చారు. దానికోసం రైతులమీద పన్ను నూటికి ముప్ఫై వంతున పెంచారు. కొండమీదికి 127 మెట్లు. లోపల గోడలనిండా పింగాణీ, గాజుముక్కల పూలూ పిట్టలూ. పనివాడి నేర్పు చూస్తే కళ్ళు తిరుగుతాయి. చక్రవర్తి కంచు విగ్రహం మీద ఉన్న గొడుగు సిమెంటుదే అయినా, గాలికి ఊగే పట్టుబట్ట అనిపిస్తుంది. కప్పుమీద మబ్బుల్లో దాగిన తొమ్మిది డ్రాగన్ల బొమ్మ ఉన్నది. దాన్ని ఫాన్ వాన్ తాన్ అనే చిత్రకారుడు కాలితో గీశాడని కూడా చెబుతారు.

ఖాయ్ దిన్ కొడుకు బావో దాయ్ ఆఖరి చక్రవర్తి. 1945 ఆగస్టు 30న హ్యూ కోట ద్వారం మీద నిలబడి రాజ్యం వదులుకున్నాడు. అతనికి హ్యూ గుట్టల్లో సమాధి లేదు. 1997లో పారిస్ నగరంలో చనిపోయాడు, అక్కడే పాతిపెట్టారు. 1993లో ఐక్యరాజ్యసమితి వారి యునెస్కో సంస్థ హ్యూ కోటనూ, ఈ సమాధులనూ ప్రపంచ వారసత్వ సంపదలో చేర్చింది. చెదలూ తుఫానులూ వరదలూ ఆ కొయ్య మండపాలకు ఎప్పుడూ శత్రువులే.

ఇంకొక్క సమాధి మిగిలింది. అది దుక్ దుక్‌ది. మూడు రోజుల రాజుకు అంత్యక్రియలు కూడా సరిగ్గా జరగలేదు. 1889లో అతని పదేళ్ళ కొడుకు థాన్ థాయ్ రాజైన తరువాత తండ్రికి సమాధి కట్టించాడు. ఆ థాన్ థాయ్ పెద్దవాడై ఫ్రెంచివాళ్ళ మాట విననందువల్ల 1907లో గద్దె దింపారు. ఏడేళ్ళ పిల్లవాడైతే చెప్పినట్టు వింటాడని అతని కొడుకు జుయ్ తాన్‌ను కూర్చోబెట్టారు. ఆ పిల్లవాడు పదహారేళ్ళు రాకముందే, 1916లో, ఫ్రెంచివాళ్ళ మీద తిరుగుబాటులో చేరాడు. తండ్రినీ కొడుకునూ కలిపి హిందూమహాసముద్రంలోని రీయూనియన్ దీవికి పంపేశారు. కొడుకు 1945 డిసెంబరులో ఆఫ్రికా మధ్యలో విమానం కూలి చనిపోయాడు. తండ్రికి 1947లో స్వదేశం రావడానికి సెలవు దొరికింది. 1954లో సైగాన్‌లో పోతే, తెచ్చి దుక్ దుక్ సమాధితోటలో పూడ్చారు. జుయ్ తాన్ అస్థికలు ఆఫ్రికానుంచి 1987లో వచ్చాయి. ఇప్పుడు తాతా, కొడుకూ, మనవడూ ముగ్గురూ ఒకే ఆవరణలో ఉన్నారు. అక్కడ రాతి ఏనుగులు లేవు, రాతి మంత్రులు లేరు. శాసనం రాయి కూడా లేదు.